లేక్ మీద ఐస్ కరిగే నెలన్నర ఎలా నెట్టుకురావాలి (మిన్నెసోటా పల్లెలకి కొత్తగా వచ్చినోళ్ళ కోసం)

జే-1 వెయివర్ (డాక్టర్లకి వీసాలో ఇచ్చే మినహాయింపు) మీద మీ ఆయనకో మీకో అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఓ చిన్న ఊరి హాస్పిటల్లో ఉద్యోగం దొరికి, ఎట్లాగూ మూడేళ్ళు ఉండాల్సిందే కదా అని లేక్ ఒడ్డున ఇల్లు తీసేసుకుని, మొదటి చలికాలం ఎలాగోలా గట్టెక్కి, మార్చిలో ఓ రోజు ఎండ కాసి చూరు మీంచి టప టపా నీళ్ళు కారుతుంటే హమ్మయ్య అయిపోయింది అనుకుని ఇండియాకి వీడియో కాల్ చేసి మరీ చూపిస్తున్నారా, కాస్త ఆగండి. మేమూ అట్లాగే చూపించాం. జనవరిలో మైనస్ ముప్ఫైలో చెయ్యాల్సింది ఒక్కటే, ఇంట్లో కూర్చోవడం. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ చివరి దాకా మాత్రం కూర్చుంటే కుదరదు, ఇల్లూ రోడ్డూ లేకూ మూడూ ఒకేసారి కరగడం మొదలెడతాయి.

మాది కైకలూరు దగ్గర పల్లె, కొల్లేరు పక్కన పెరిగినదాన్ని, నీళ్ళ గురించి నాకొకళ్ళు చెప్పేదేంటిలే అన్న ధీమాతో వచ్చా. ఆ ధీమా మొదటి వసంతానికే బేస్‌మెంట్లో మునిగింది, ఆ కథ కింద చెప్తా. కానీ చిన్నప్పుడు చూసింది ఒకటి ఇక్కడా పనికొచ్చింది. బుడమేరూ తమ్మిలేరూ పొంగుతున్నాయని తెలియగానే మా తాత గొడుగూ పారా పట్టుకుని ముందు బోదె దగ్గరికి పోయేవాడు, నీళ్ళు ఎటు పోతున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి అని చూసేవాడు, మిగతా పనులన్నీ దాని తర్వాతే. ఇక్కడ కూడా సరిగ్గా అదే ప్రశ్న అడుక్కోండి, ఈ కరిగే నీళ్ళు ఎటు పోవాలి అని, సగం పనులు అవే తెలుస్తాయి.

ఎందుకంటే ఇక్కడ చలికాలంలో నేల కూడా గడ్డకడుతుంది, అదీ అడుగుల లోతు. రాష్ట్రం ఉత్తరాన ఇంటి పునాది 60 అంగుళాలు దిగాలి, దక్షిణాన 42 అంగుళాలు అని బిల్డింగ్ కోడే ఉంది, అంత లోతు దాకా నేల గడ్డకడుతుందని లెక్క. మార్చి ఎండకి పైన ఓ నాలుగైదు అంగుళాలు మెత్తబడుతుంది, కింద ఇంకా సిమెంటే. అడుగున బొక్క లేని పూలకుండీలో చెంబుడు నీళ్ళు పోసి చూడండి, మట్టి బురదైపోయి పైన నీళ్ళు నిలబడతాయి కదా, మీ పెరడూ మీ ఇంటికొచ్చే గ్రావెల్ రోడ్డూ ఇప్పుడు అవే కుండీలు.

1. ఫిబ్రవరి చివర్లోనే గోడల పక్కన మంచు తోసెయ్యండి

కరగడం మొదలయ్యాక తోస్తే తడి మంచు, పార ఎత్తితే నడుం పోతుంది, అందుకని ఫిబ్రవరి ఆఖర్లో ఓ ఆదివారం పెట్టుకోండి. గోడకి ఆనుకుని పేరుకున్నదంతా కనీసం మూడు నాలుగు అడుగుల దూరం పోవాలి, ముఖ్యంగా బేస్‌మెంట్ కిటికీల ముందు ఉండే గుంటల్లోది. కొత్తగా పడ్డ మంచు పది అంగుళాలు కరిగితే అంగుళం నీళ్ళు వస్తాయని అందరూ చెప్తారు, కానీ మూణ్ణెల్లు పడీ పడీ కూరుకుపోయిన పాత మంచు దాదాపు మూడు నాలుగు అంగుళాలకే అంగుళం నీళ్ళు దిగుతుంది. గోడ పక్కన రెండడుగుల గుట్ట ఉందంటే ఆరేడు అంగుళాల వాన అక్కడ స్టాక్ పెట్టుకున్నట్టే.

తర్వాత కప్పు మీంచి దిగే గొట్టాలు చూడండి, డౌన్‌స్పౌట్ అంటారు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 620 గ్యాలన్లు, అంటే రెండు వేల మూడొందల లీటర్ల పైమాటే, అదంతా గొట్టం మూతి ఎక్కడుంటే అక్కడ దిగుతుంది. ఆరు నుంచి పది అడుగుల దూరం పోయేట్టు ఎక్స్‌టెన్షన్ తగిలించండి, పల్లం ఎటు ఉందో అటు. స్నో బ్లోయర్‌కి అడ్డమొస్తుందని నవంబర్లో పీకేసి గ్యారేజీలో పడేసుంటారు, మా ఆయన అదే చేశాడు, ఏప్రిల్ దాకా అది గ్యారేజీలోనే ఉంది.

చూరుకి వేలాడే ఐస్ ముక్కలు ఫొటోల్లో బాగుంటాయి కానీ అవి అంత లావున ఉన్నాయంటే కప్పు అంచున ఐస్ అడ్డుకట్ట కట్టేసిందని అర్థం, వెనక ఆగిన నీళ్ళు షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) కిందికి దూరి లోపలికి దిగుతాయి. రూఫ్ రేక్ అని పొడుగు కర్రకి పలక ఉన్నది దొరుకుతుంది, నేల మీద నిలబడే కింది నాలుగడుగుల మంచు లాగెయ్యండి. నిచ్చెనెక్కి సుత్తితో కొట్టడం లాంటివి వద్దు, మీ ఆయన పనిచేసే ఎమర్జెన్సీకి మీరే పేషెంట్ అయి వెళ్తే అస్సలు బాగోదు.

2. సంప్ పంప్ చెక్ చెయ్యండి, బయటి గొట్టంతో సహా

బేస్‌మెంట్ మూల నేలలో ఓ గుంట, దాని మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, మేం ఏడు నెలలు దాని మీద వాషింగ్ పౌడర్ డబ్బాలు పెట్టుకున్నాం, అదేంటో తెలీక. అదే సంప్ పంప్. పునాది చుట్టూ చేరిన నీళ్ళు ఆ గుంటలోకి వస్తాయి, నీళ్ళు పెరిగితే లోపల తేలే బంతి లేచి మోటార్ ఆన్ అయి బయటికి తోసేస్తుంది.

చెక్ చెయ్యడం తేలికే, బకెట్ నీళ్ళు నెమ్మదిగా గుంటలో పొయ్యండి, మోటార్ ఆన్ అవ్వాలి, గుంట ఖాళీ అయ్యాక ఆగాలి. ఇక్కడితో అయిపోయింది అనుకుని పైకొచ్చేస్తారు చాలామంది, అసలు పని ఇప్పుడే ఉంది, బయటికి వెళ్ళి గోడలోంచి వచ్చే గొట్టం మూతి దగ్గర నీళ్ళు నిజంగా పడుతున్నాయా అని మీ కళ్ళతో చూడండి. ఆ మూతి మంచులో కూరుకుపోయో లోపల ఐస్ కట్టో ఉంటే మోటార్ తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం ఎక్కడికీ పోవు.

మాకు అదే జరిగింది. రాత్రి రెండింటికి కింద ఏదో మూలుగుతున్న శబ్దం, ఫ్రిజ్ అనుకుని పడుకున్నా, మళ్ళీ నాలుగింటికి లేస్తే ఇంకా అదే మూలుగు. మెట్లు దిగి లైటేస్తే కింద నేల కనపడ్లేదు, అన్నీ నీళ్ళే. రెండంగుళాలే, కానీ ఆ రెండంగుళాల మీద అమ్మ ఎండబెట్టి పంపిన వేపపువ్వు ప్యాకెట్ తేలుతూ నా వైపే వస్తోంది, ఉగాదికని దాచిపెట్టిన అట్టపెట్టె తడిసి అడుగు ఊడిపోయిందన్నమాట. పట్టుచీరల సూట్‌కేస్ కూడా నేల మీదే ఉంది, దాని గురించి ఇక్కడ రాస్తే మా అమ్మ చదువుతుంది కాబట్టి రాయను. ఇల్లు చూపించినాయన "బేస్‌మెంట్ బోన్ డ్రై" అని రెండుసార్లు చెప్పాడు, చూపించింది ఆగస్టులో మరి.

ఆ ఏడాది పచ్చడిలో చేదుకి నాలుగు మెంతులు వేయించి వేశా. ఇప్పుడు బేస్‌మెంట్లో ఏదీ నేల మీద ఉండదు, అన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి అలమర మీదే. మీరూ ఇవాళే ఎత్తిపెట్టండి.

ఇంకో రెండు మాటలు. వసంతంలో గాలివానలకి కరెంట్ పోతుంది, సరిగ్గా పంప్ కావాల్సినప్పుడే పోతుంది, అందుకని బ్యాటరీ బ్యాకప్ పెట్టించుకోండి. ఇన్సూరెన్స్ పేపర్లు కూడా ఓసారి తీయండి, మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో సంప్ పొంగితే వచ్చే నష్టం చాలావరకు ఉండదు, విడిగా చేర్పించుకోవాలి. వరద ఇన్సూరెన్స్ వేరే, ప్రభుత్వ పాలసీ అయితే కొన్న రోజు నుంచి మామూలుగా 30 రోజులు ఆగాకే అమల్లోకి వస్తుంది, కాబట్టి లేక్ నీళ్ళు మెట్ల దాకా వచ్చాక ఫోన్ చేస్తే లాభం లేదు.

3. రోడ్డు మెత్తబడక ముందే పెద్ద ట్రక్కులతో పనులు తెముల్చుకోండి

మార్చిలో రోడ్ల పక్కన బరువు పరిమితి బోర్డులు లేస్తాయి, స్ప్రింగ్ లోడ్ రిస్ట్రిక్షన్స్ అంటారు. వేరే బోర్డు లేకపోతే గ్రావెల్ రోడ్ల మీద ఇరుసుకి 5 టన్నులు మించకూడదు, పైన చెప్పిన కుండీ లెక్కే, అడుగున ఐసు పైన నానిన మట్టి, దాని మీద లోడ్ లారీ వెళ్తే రోడ్డు హల్వా అయిపోతుంది. మనది కారే కదా మనకేంటి అనుకోకండి. ప్రొపేన్ (ఇల్లు వేడెక్కించే గ్యాస్) ట్రక్కూ, సెప్టిక్ ట్యాంక్ లాగే ట్రక్కూ, డ్రైవ్‌వేకి కంకర తెచ్చే లారీ, ఇవన్నీ ఆ నెలన్నరా అయితే సగం లోడ్‌తో వస్తాయి, లేకపోతే రావు. ప్రొపేన్ గేజ్ ముప్ఫై శాతం దగ్గరికొచ్చిందంటే మార్చి మొదటి వారంలోనే ఫోన్ చేసెయ్యండి, ఏప్రిల్లో కూడా రాత్రిళ్ళు హీటర్ నడుస్తూనే ఉంటుంది.

కారుకి సంబంధించి, గ్రావెల్ రోడ్డు మీద వెళ్ళాల్సిన పని తెల్లారి ఎనిమిదిలోపు పెట్టుకోండి, రాత్రి మళ్ళీ గడ్డకట్టి ఉంటుంది కాబట్టి తారు రోడ్డులాగా పోతుంది, అదే రోడ్డు మధ్యాహ్నం రెండింటికి వేరే రోడ్డు. ముందు వెళ్ళినోళ్ళ గాడి లోతుగా ఉంటే అందులో దిగకుండా గాడికి అటో చక్రం ఇటో చక్రం వేసుకుని ఎత్తు మీద పొండి, స్పీడ్ తక్కువ, కానీ మధ్యలో ఆపొద్దు, గట్టిగా బ్రేక్ వద్దు. దిగబడిపోయిందా, యాక్సిలరేటర్ తొక్కకండి, ఒక్కో తొక్కుడుకి ఒక్కో అంగుళం కిందికి పోతుంది. చక్రం కింద పాత కాలిపట్టా, ఇసక, పిల్లి ఇసక (క్యాట్ లిట్టర్), ఏదుంటే అది వేసి నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊపండి.

అదీ కుదరకపోతే పక్కింటాయన్ని పిలవండి. ఇక్కడ ఊళ్ళలో ప్రతి రోడ్డుకీ ట్రాక్టర్ ఉన్న ఓ ముసలాయన ఉంటాడు, మాకూ ఉన్నాడు, నైట్ డ్యూటీ చేసి వస్తూ మా ఆయన ఇంటికి రెండొందల గజాల దూరంలో ఇరుసు దాకా దిగబడితే పిలవకుండానే వచ్చి గొలుసేసి లాగి, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. డబ్బులివ్వబోకండి, చిన్నబుచ్చుకుంటారు. నేను సున్నుండలు చేసి పంపించా, మూడ్రోజులకి ఆ డబ్బా తిరిగొచ్చింది, లోపల సొంతంగా కాచిన మేపుల్ సిరప్ సీసాతో. డబ్బా ఖాళీగా పంపకూడదన్న పద్ధతి వీళ్ళకీ ఉన్నట్టుంది.

4. ఐస్ మీదికి వెళ్ళడం ఆపెయ్యండి

ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా చదవండి.

చలికాలమంతా ఆ లేక్ మీద ట్రక్కులు తిరగడం చూస్తారు, గుడిసెలేసుకుని చేపలు పట్టడం చూస్తారు, మీరు కూడా ఓసారి నడిచి ఫొటోలు దిగే ఉంటారు. మిన్నెసోటా డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్ళ లెక్క ప్రకారం మనిషి నడవడానికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7, చిన్న కారుకి 9, 10 అంగుళాల ఐస్ ఉండాలి. ఈ అంకెలు బుర్రలో పడిపోయి మార్చి చివర్లో "ఇంకా పద్దెనిమిది అంగుళాలు ఉందట కదా" అని దిగుతారు, అక్కడే మోసం. ఆ అంకెలు కొత్తగా కట్టిన, అద్దంలాగా క్లియర్‌గా ఉన్న గట్టి ఐస్‌కి మాత్రమే. తెల్లగా ఉండే ఐస్‌కే బలం సగం అంటారు, ఇక వసంతం ఐస్‌కి అంగుళాల లెక్క పనిచెయ్యదు.

ఎందుకో నాకు ఏప్రిల్లో ఒడ్డున ఓ ముక్కని బూటుతో తన్నినప్పుడు అర్థమైంది. చూడ్డానికి జానెడు మందం దిమ్మ, తన్నగానే విరగలేదు, విడిపోయింది, నిలువుగా పుల్లలు పుల్లలుగా, ఒక్కోటి పెన్సిలంత లావు, జానెడు పొడుగు, గాజుల పెట్టె బోర్లించినట్టు గలగలమని రాలిపోయాయి. క్యాండిల్ ఐస్ అంటారు దాన్ని. ఎండ లోపలిదాకా దిగి స్ఫటికాల మధ్య అతుకులు కరిగించేస్తుంది, మందం అలాగే ఉంటుంది, పట్టు పోతుంది. కట్ట విప్పిన కట్టెల మీద నిలబడ్డట్టు.

ఇంకోటి, లేక్ మధ్యలో కంటే ఒడ్డున ముందు పోతుంది. నేలలోకి ఇంకని నీళ్ళన్నీ పల్లానికి జారి చేరేది ఆ అంచుకే కదా, దానికి తోడు నల్లటి మట్టి ఎండకి వేడెక్కుతుంది. కాలవ కలిసే చోటు, ఊటలు ఉన్న చోటు, డాక్ (ఒడ్డు నుంచి నీళ్ళలోకి వేసే పలకల వంతెన) గుంజల చుట్టూ, వంతెన కింద, ఇవి అన్నిటికన్నా ముందు. ఒడ్డున చెక్క పలకలు వేసుకుని ఆ అంచు దాటి మధ్యలోకి వెళ్ళి చేపలు పట్టేవాళ్ళు కనిపిస్తారు, వాళ్ళు యాభయ్యేళ్ళుగా ఆ లేక్‌నే చూస్తున్నారు, వాళ్ళలో కూడా కొందరు పడతారు. మనం వాళ్ళని చూసి దిగకూడదు.

ఎప్పుడు ఆపాలి అంటే నేను పెట్టుకున్న గుర్తు ఒకటుంది. చేపల గుడిసెలు తీసెయ్యడానికి చట్టం ప్రకారం గడువు ఉంది, రాష్ట్రం దక్షిణ భాగంలో మార్చి మొదటి సోమవారం, ఉత్తరాన మూడో సోమవారం, ఆ తర్వాత రాత్రిపూట మనిషి లేకుండా గుడిసె వదలకూడదు. మా ఇంట్లో ఆ సోమవారంతో ఐస్ సీజన్ బంద్, ఆ ఏడాది ఎంత చలి ఉన్నా సరే. పిల్లలకి కూడా అట్లా డేట్ చెప్పేస్తే వాదనలుండవు. కుక్కని పెంచుకుంటే తాడు కట్టే తిప్పండి, కుక్క దిగింది కదా అని వెనకాలే పరిగెత్తి పడిపోయేవాళ్ళు ఉంటారు.

అయినా ఎవరైనా పడితే ఏం చెయ్యాలో కూడా తెలిసుండాలి. ఇక్కడ 1-10-1 అని నేర్పిస్తారు, మొదటి ఒక్క నిమిషం ఊపిరి ఎగపీలుస్తూ కంగారుగా ఉంటుంది, ఆ నిమిషం కేవలం తల పైన ఉంచుకుని ఊపిరి సర్దుకోవాలి, తర్వాత ఓ పది నిమిషాలు చేతులూ కాళ్ళూ మాట వింటాయి, బయటపడేది ఆ పదిలోనే, స్పృహ పోవడానికి సుమారు ఒక గంట పడుతుంది. అంటే చలికి వెంటనే చచ్చిపోతాం అన్న భయంతో మొదటి నిమిషంలో నీళ్ళు మింగడమే ప్రమాదం. వచ్చిన వైపుకే తిరగండి, అప్పటిదాకా మిమ్మల్ని మోసిన ఐస్ అటే ఉంది. మోచేతులు ఐస్ మీద పెట్టి కాళ్ళు వెనక్కి చాచి ఈత కొట్టినట్టు తన్నుతూ పొట్ట మీద పైకి జారండి, పైకొచ్చాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం పొండి. మెడలో వేసుకునే ఐస్ పిక్స్ అని మేకులున్న పిడుల జత చాలా చవకగా దొరుకుతుంది, చలికాలంలో లేక్ మీదికి వెళ్ళేవాళ్ళు అవి లేకుండా దిగకూడదు.

వేరేవాళ్ళు పడితే ముందు 911, తర్వాత ఒడ్డు నుంచే కర్రో నిచ్చెనో అందించండి, తాడో లైఫ్ జాకెట్టో విసరండి, మీరు మాత్రం దిగొద్దు.

5. బావీ, సెప్టిక్

ఇది చిన్నదే. టౌన్ నీళ్ళు లేని చోట మీకు సొంత బోరు, సొంత సెప్టిక్ ఉంటాయి. నేల నానిపోయి ఉన్న వారాల్లో సెప్టిక్ నుంచి నీళ్ళు ఇంకవు, కాబట్టి బట్టలన్నీ ఒకే రోజు ఉతక్కుండా రోజుకో లోడ్ వెయ్యండి, బాత్‌రూమ్‌లో గుడగుడ శబ్దం వస్తే ఇంకా తగ్గించండి. కంగారుపడి ట్యాంక్ మొత్తం లాగించెయ్యకండి, చుట్టూ నీళ్ళు పైకి ఉన్నప్పుడు ఖాళీ ట్యాంక్ పడవలాగా తేలి లేచే ప్రమాదం ఉంది. సంప్ పంప్ గొట్టాన్ని సెప్టిక్‌లోకి కలపడం అస్సలు వద్దు. బోరు పైపు మూత మీదిదాకా వరద నీళ్ళు వస్తే, క్లోరిన్ వేయించి బ్యాక్టీరియా టెస్ట్ రిపోర్ట్ వచ్చేదాకా ఆ నీళ్ళు తాగొద్దు.

6. రోజువారీ గొడవలు

బురద. ఇంత బురద నేను వరినాట్లప్పుడు కూడా తొక్కలేదు. ఇక్కడి ఇళ్ళలో తలుపు పక్కనే మడ్‌రూమ్ అని గది ఎందుకుంటుందో ఏప్రిల్లో తెలుస్తుంది, మన గుమ్మం బయట చెప్పులు విడిచే అలవాటుకి సరిగ్గా సరిపోయే గది అది. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు ఇంట్లో ఒక్కొక్కరికి ఒక జత, అంచులున్న రబ్బరు ట్రేలు రెండు, ఇవి చాలు. స్నో బూట్లు తడికి పనికిరావు, నీళ్ళు పీల్చుకుంటాయి. కారు అడుగున చలికాలం ఉప్పంతా పేరుకుని ఉంటుంది, ఓ వెచ్చటి రోజు చూసి అండర్‌బాడీ వాష్ చేయించండి.

మంచు పోయాక గడ్డి పచ్చబడేలోపు రెండు మూడు వారాలు అంతా ఎండు గడ్డే, మిన్నెసోటాలో కార్చిచ్చులు ఎక్కువగా రేగేది ఈ టైమ్‌లోనే, ఇంత తడిలో మంటేంటి అని నాకూ నవ్వొచ్చింది మొదట. ఆకులు ఊడ్చి తగలబెట్టే ముందు బర్నింగ్ పర్మిట్ ఉందా, ఆ రోజు అనుమతి ఉందా చూసుకోండి. ఎలుగులు కూడా నిద్ర లేస్తాయి, పిట్టల గింజల డబ్బాలు తీసి లోపల పెట్టండి. గడ్డిలో తిరిగొచ్చాక పిల్లల మెడా చెవుల వెనకా మోకాళ్ళ వెనకా పిడుదుల కోసం చూడండి, నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే చాలు అవి తిరుగుతుంటాయి, లైమ్ జబ్బు వాటివల్లే.

ఇక ఉగాది. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19, ఏ రోజు వచ్చినా ఇక్కడ మామిడాకు ఉండదు, కోయిల ఉండదు. పంచాంగంలో వసంత ఋతువు అని ఉంటుంది, కిటికీలోంచి చూస్తే బూడిద రంగు ఐస్. వేపపువ్వు, మామిడికాయ, కొత్త బెల్లం అన్నీ ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) వెళ్ళినప్పుడే తెచ్చి ఫ్రీజర్లో పెట్టుకోండి, మేం మేపుల్ గ్రోవ్ గుడికి వెళ్ళే రోజే ఆ సంత కూడా చేసుకొస్తాం. కానీ ఇక్కడి వసంతానికి దాని వాసన దానికుంది. రాత్రి గడ్డకట్టి పగలు నలభై దాటే రోజుల్లోనే మేపుల్ చెట్లకి నీరు కదులుతుంది, గొట్టాలు దిగ్గొట్టి బకెట్లు కట్టి పట్టి, పెద్ద పెనాల్లో కట్టెల మీద మరిగిస్తారు, దాదాపు నలభై గ్యాలన్లకి ఒక్క గ్యాలన్ సిరప్. ఇక్కడి ఆదివాసులు ఒజిబ్వే వాళ్ళ భాషలో ఏప్రిల్ నెల పేరే ఇస్కిగమిజిగె గీజిస్, నీరు మరిగించే చంద్రుడు అని. మొదటిసారి ఆ పొగలో నిలబడితే నాకు అనకాపల్లి వైపు బెల్లం వండే పాకలు గుర్తొచ్చాయి. ఎవరైనా రమ్మంటే తప్పకుండా వెళ్ళండి, ఖాళీ చేతుల్తో వెళ్ళకుండా కట్టెలు మొయ్యడానికి గ్లవ్స్ పట్టుకెళ్ళండి.

అన్నట్టు గోంగూర, వంగ, టమాటా నారు ఏప్రిల్లో ఇంట్లో కిటికీ దగ్గర పోసుకోండి. ఎంత ఎండ కాసినా మెమోరియల్ డే (మే చివరి సోమవారం) ముందు బయట నాటకండి, మంచు కొట్టేస్తుంది.

7. ఐస్ పోయే రోజు, ఆ తర్వాత డాక్

ఐస్ అవుట్ అంటే ఏంటి అన్నదాని మీద ఊరికో లెక్క, కొందరికి లేక్ మొత్తం ఖాళీ అవ్వాలి, కొందరికి ఈ చివర్నించి ఆ చివరకి పడవ పోతే చాలు. వెర్మాంట్ రాష్ట్రంలో జోస్ పాండ్ అనే చోట అయితే ఐస్ మీద సిమెంట్ ఇటుక పెట్టి దాన్ని తాడుతో ఒడ్డున ఉన్న గడియారానికి కలిపి ఆ ఇటుక ఏ క్షణాన మునుగుతుందో పందెం కాస్తారు. మిల్ లాక్స్ లాంటి పెద్ద లేక్ మామూలుగా ఏప్రిల్ చివరి వారంలో తెరుచుకుంటుంది, చిన్నవి ఇంకా ముందే. ఐస్ తెలుపు నుంచి బూడిద, బూడిద నుంచి నలుపు అవుతుంది, నల్లబడిందంటే ఇక గాలి రావడమే ఆలస్యం, పొద్దున ఉన్నది సాయంత్రానికి ఉండకపోవచ్చు.

ఆ గాలి రోజే ఒడ్డున జాగ్రత్త. విడిపోయిన ఐస్‌ని గాలి ఒకవైపుకి నెట్టిందంటే పలకల మీద పలకలెక్కి ఒడ్డు మీదికి పాక్కుంటూ వస్తుంది, 2013 మే నెలలో మిల్ లాక్స్‌లో అట్లాగే ఇళ్ళ తలుపులూ కిటికీలూ బద్దలుకొట్టి లోపలికి వచ్చింది. వీడియో తియ్యాలంటే దూరం నుంచి తియ్యండి, కుర్చీలూ పడవా ముందే వెనక్కి లాక్కోండి.

కొంచెం నీళ్ళు కనపడగానే లూన్స్ దిగుతాయి, రాష్ట్ర పక్షి, ఎగరాలంటే నీళ్ళ మీద చాలా దూరం పరిగెత్తాలి దానికి, అందుకే ఐస్ తెరుచుకునేదాకా ఆగి వస్తుంది. మొదటి రాత్రి దాని అరుపు విని ఎవరో ఏడుస్తున్నారని లేచి లైట్లేశా.

డాక్ దింపడానికి తొందరపడకండి, ఐస్ ముక్కలు పూర్తిగా పోయి గాలి సద్దుమణిగాక ఓ వారం ఆగండి. వాలై చేపల సీజన్ మే మధ్యలో మొదలవుతుంది, మెమోరియల్ డే వీకెండ్‌కి రెండు వారాల ముందు శనివారం, అందరూ ఆ లోపు దింపాలని చూస్తారు కాబట్టి డాక్ కంపెనీ వాళ్ళతో దింపించుకునేట్టయితే మార్చిలోనే పేరు రాయించుకోండి. సెకండ్ హ్యాండ్ డాక్ కొంటే ఒకటి గుర్తుంచుకోండి, వేరే లేక్‌లోంచి తీసింది 21 రోజులు పూర్తిగా ఎండాకే మీ లేక్‌లో పెట్టాలి, జీబ్రా మస్సెల్స్ (పరాయి జాతి చిన్న ఆల్చిప్పలు) లాంటివి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోకుండా పెట్టిన చట్టం అది.

సొంతంగా దింపుకునేట్టయితే నలుగురు కావాలి, ఇద్దరు నీళ్ళలో, ఇద్దరు ఒడ్డున, లైఫ్ జాకెట్లు వేసుకునే. నీళ్ళలో దిగే ఇద్దరికీ ఛాతీ దాకా వచ్చే వేడర్స్ (బూట్లతో కలిపి ఉండే, నీళ్ళు దూరని ప్యాంట్లు) ఉండాలి. మా ఆయన మొదటి ఏడాది బయట డెబ్బై డిగ్రీలు ఉంది కదా అని షార్ట్స్‌లో దిగాడు, నీళ్ళు అప్పటికి నలభై అయిదే, మూడు నిమిషాల్లో పైకొచ్చి ఒక్క మాట లేకుండా నేరుగా వేణ్ణీళ్ళ షవర్లోకి పోయాడు, పక్కింటి ముసలాయన ట్రాక్టర్ మీంచే చూసి ఇంటికెళ్ళి తన రెండో జత వేడర్స్ తెచ్చి మా మెట్ల మీద పెట్టి వెళ్ళాడు. అవి ఇంకా మా దగ్గరే ఉన్నాయి, ఈసారి డబ్బాలో ఏం పెట్టి పంపాలా అని ఆలోచిస్తున్నా.